పాత ల్యాండ్‌క్రూజర్ బ్రేకులు: లోపం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి

“బ్రేకు సరిగా పట్టడం లేదు” అన్న ఒకే ఫిర్యాదుకు ఒకదానితో ఒకటి సంబంధంలేని కారణాలు చాలా ఉండవచ్చు. పాత వాహనంలో ప్రతి భాగమూ ఎంతో కొంత అరిగే ఉంటుంది కనుక, ముందుగా కంటబడిన అరుగుదలనే అసలు కారణంగా భావించే ప్రమాదం ఉంది. కొత్త ప్యాడ్లు వేసినా పెడల్ తీరు మారకపోవడం అలా జరిగేదే. గల్ఫ్ దేశాల్లోనూ అమెరికాలోనూ ఇప్పటికీ తిరుగుతున్న 1990ల నాటి టయోటా ల్యాండ్‌క్రూజర్ 80 శ్రేణి ఇందుకు మంచి ఉదాహరణ.

పెడల్ మీద పాదం చూపిన ఒత్తిడిని బూస్టరు పెంచుతుంది. మాస్టర్ సిలిండరు దాన్ని ద్రవపీడనంగా మార్చి చక్రాలకు పంపుతుంది. ద్రవం దాదాపుగా కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. అందుకే పరీక్ష పెడల్ దగ్గరే మొదలుకావాలి.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి వాహనం ఆగకపోతే ముందుగా బూస్టరును అనుమానించాలి. ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కి, ఆపైన నొక్కిపట్టి ఇంజను స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టే. పెడల్ మెత్తగా ఉండి, వరసగా నొక్కితే పైకి వస్తే గొట్టాల్లో గాలి చేరి ఉండవచ్చు. వెనుక డ్రమ్ములున్న బండిలో షూల సర్దుబాటు తప్పి ఉండవచ్చు. నొక్కిపట్టిన పెడల్ నెమ్మదిగా అడుగుకు దిగిపోతే ద్రవమట్టాన్ని గమనించాలి. మట్టం తగ్గకపోతే మాస్టర్ సిలిండరు లోపలి సీళ్ళను దాటి ద్రవం వెనక్కి పోతోందని అర్థం. నేలమీద చుక్క లేకుండానే మట్టం తగ్గుతుంటే అది బూస్టరులోకి కారుతూ ఉండవచ్చు.

ముందు చక్రాల్లో ఒకటి బ్రేకు వదలక వేడెక్కుతుంటే, అది బిగిసి ఉన్నప్పుడే బ్లీడర్ స్క్రూను కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం వెంటనే తిరిగితే పీడనం లోపల చిక్కుకుందన్నమాట. పాత రబ్బరు గొట్టం లోపలి పొర చెడి, ద్రవాన్ని రానిచ్చి తిరిగి పోనివ్వకపోవడం దీనికి సాధారణ కారణం. అప్పటికీ చక్రం తిరగకపోతే క్యాలిపర్ పిస్టన్లు బిగుసుకుపోయి ఉండవచ్చు. గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది కనుక, ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ మార్చినవారి డబ్బు వృథా అవుతుంది.

ఈ వాహనానికే ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ముందు చక్రాల బేరింగులు వదులైతే, గతుకుల్లో డిస్కు ఊగి పిస్టన్లను వెనక్కి నెడుతుంది. దానితో మొదటి నొక్కులో పెడల్ లోతుకు పోయి, రెండో నొక్కుకు మామూలవుతుంది. గాలి చేరినప్పుడు కనిపించే లక్షణం కూడా ఇలాగే ఉంటుంది. చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టి ఊపితే తేడా తెలుస్తుంది. వెనుక ఇరుసుకు కడ్డీతో కలిపిన కవాటం ఒకటి బరువును బట్టి వెనుక బ్రేకుల పీడనాన్ని మారుస్తుంది. ఎత్తైన స్ప్రింగులు వేసి ఈ కడ్డీని సరిచేయకపోతే, కవాటం బండి ఖాళీగా ఉన్నట్టే పనిచేసి వెనుక పీడనాన్ని తగ్గిస్తుంది. ఇరుసు సీలు చెడితే గేరు ఆయిలు బ్రేకుల్లోకి చేరుతుంది. చిక్కదనం, గంధకపు వాసనల వల్ల దాన్ని బ్రేకు ద్రవంనుంచి వేరుగా గుర్తించవచ్చు.

రెండు టన్నులు దాటిన ఈ బండి పొడవైన లోయదారిలో దిగేటప్పుడు బ్రేకులు తగ్గితే, పెడల్ మెత్తబడిందా లేక గట్టిగానే ఉందా అన్నది ముఖ్యం. మెత్తబడితే ద్రవం మరిగి ఆవిరి ఏర్పడినట్టు. గట్టిగానే ఉండి పట్టు తగ్గితే ప్యాడ్లు అతిగా వేడెక్కినట్టు. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీటిని పీల్చుకున్న ద్రవానికి ఆ ప్రమాణంలోని కనీస హద్దు 140 డిగ్రీలే. ప్యాడ్లు ఎంత మంచివైనా ఈ లోపాన్ని సరిచేయలేవు.

ఒక హెచ్చరిక. ఈ పరీక్షలకోసం ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే, గేరు పార్క్‌లో ఉన్నా బండి దొర్లిపోగలదు. నేలమీదున్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మలు పెట్టి, జాకీతోపాటు స్టాండు కూడా ఉంచిన తరువాతే కిందికి వంగాలి. స్క్రూ వదులు చేసిన ప్రతిసారీ గాలి తీసి, ద్రవమట్టం సరిచూసి, పెడల్ గట్టిపడిందని నిర్ధారించుకున్నాకే బండిని కదపాలి. మొదటి ప్రయోగం ఖాళీ స్థలంలో, నడక వేగంతోనే జరగాలి.