ఎరువు లెక్క కంటే ముందు నీటి లెక్క

చీరాల పక్కన ఈపురుపాలెం నేలలో పాలీహౌస్ వేసి టమాటా పండిద్దామనుకునే మనవాళ్లు ముందు ఎరువుల సంగతే ఆలోచిస్తారు. నీటి సంగతి తేలకుండా ఎరువు లెక్క తేలదని నా వాదన. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో మంచినీరు పైపైన పలచటి పొరగా ఉంటుంది, దాని కింద ఉప్పునీరు. ఇది తెలిసే పాతకాలం రైతులు లోతుకు పోకుండా దొరువులనే లోతులేని నీటి గుంటలు తవ్వుకున్నారు. బాపట్లలోని ఉప్పు నేలల పరిశోధన కేంద్రం ఆ తెలివినే ముందుకు తీసుకెళ్లి, రంధ్రాల పైపులను నేలలో అడ్డంగా పరిచి పైపొర నీటినే బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించింది. అలాంటిచోట లోతు బోరు వేసి ఎడతెరిపి లేకుండా తోడితే ఉప్పు పైకి లేస్తుంది.

బయటి పొలంలో అయితే వానలు ఆ ఉప్పును కడిగేస్తాయి. పాలీహౌస్‌లో వాన పడదు కాబట్టి నీటితో వచ్చిన ఉప్పూ, మనం కలిపిన ఎరువుల లవణాలూ వేళ్ల దగ్గరే పేరుకుంటాయి. వేళ్ల దగ్గరి మట్టి సారంలో ఉప్పును తెలిపే విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 2.5 డెసీసీమెన్స్ దాటాక, పెరిగే ప్రతి యూనిట్‌కూ టమాటా దిగుబడి సుమారు 10 శాతం పడిపోతుందని 1977లో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే నీరే ఉప్పగా ఉంటే ఎరువుకు మిగిలే చోటు కొంచెమే. కాయ అడుగు నల్లబడి కుళ్లితే కాల్షియం తక్కువైందని ఇంకా ఎరువు పోస్తారు. చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటుంది, ఉప్పు వల్ల మొక్క నీరు తాగలేక అది కాయకు చేరదు. అమ్మోనియా నత్రజని, పొటాష్ మోతాదు మించినా ఇదే బాధ.

ఇసుక ఏదీ పట్టి ఉంచదు కదా, అన్నీ డ్రిప్‌లో ఇస్తే చాలదా అని అడగవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వాలన్నది నిజమే. కానీ ఏదీ పట్టి ఉంచని నేల మన పొరపాటునూ కాచుకోదు, ఎక్కువ తక్కువలు వెంటనే మొక్కకు తగులుతాయి. అందుకే బాగా చివికిన పశువుల ఎరువు వేయాలి. కోళ్ల ఎరువులో లవణాలెక్కువ, పరీక్ష చేయించకుండా వేయకూడదు. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులతో ఒకే ట్యాంకులో చిక్కగా కలిపితే గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఇక ఉప్పు లేని వాన నీటిని పట్టుకునే ఖర్చు మాట. ఎకరం పాలీహౌస్ కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. ఆ నీరు ఇసుకలో నిలవాలంటే షీటు పరిచిన కుంట కావాలి, అది చౌక కాదు. అయినా ఉప్పు లేని ఆ నీటిని దొరువు నీటిలో కలిపి వాడుకోవచ్చు, పంటకూ పంటకూ మధ్య మడులను కడగవచ్చు. పాలీహౌస్ అంచనా వేసే రోజునే ఈ కుంటనూ అందులో చేర్చాలి.