జీలకర్ర పొడి – దేశదేశముల వంటలు

పెండ్లిపీటలపై వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరుంచు జీలకర్ర బెల్లము మొదలు పథ్యపు చారు వరకు జీలకర్ర మన యింట ఉండనే యున్నది. అయినను అది మన సొత్తు మాత్రమే యనుకొనుట పొరపాటు. మధ్యధరా సముద్రపు తూర్పు తీరమును, నైరుతి ఆసియాయును దాని పుట్టినిండ్లు. గ్రీసు దేశమున మైసీనీ నగరపు మట్టిపలకలపై దాని పేరు 3,000 సంవత్సరములకు పూర్వమే వ్రాయబడినది. ప్రాచీన గ్రీకులు పిసినారిని ‘జీలకర్ర గింజను కోయువాడు’ అని పరిహసించెడివారు.

ఈ గింజ యందలి సువాసనకు కారణము ఒక తైలము. గింజ బరువులో అది నూటికి 2 మొదలు 4 పాళ్లు మాత్రమే. క్యుమినాల్డిహైడు అను పదార్థము అందు ముఖ్యమైనది. గింజలోని సన్నని నాళములలో ఆ తైలము భద్రముగా నుండును. దంచినంతనే నాళములు పగులును; పరిమళము గుప్పుమనును; వెంటనే గాలిలో కలిసిపోవ నారంభించును. అందుచేత పొడిని వంటలో ఎప్పుడు వేయవలె నన్నదే అసలు ప్రశ్న. దీనికి ఒక్కొక్క దేశము ఒక్కొక్క సమాధానము కనుగొన్నది.

అమెరికాలోని టెక్సాసు ప్రాంతమున మాంసమును మిరపకాయలతో చాలసేపు ఉడికించు ‘చిలీ’ అను వంటకము కలదు. అందు పొడిని ముందుగనే క్రొవ్వులో కలుపుదురు. తైలము క్రొవ్వులో కరగును గనుక పరిమళము కొంత నిలుచును. విలియం గెబ్‌హార్ట్ అను జర్మను వలసదారు 1890ల దశకమున అక్కడ అమ్మజూపిన మిరపపొడిలో జీలకర్రయు చేరియున్నది.

చైనాకు పశ్చిమమున సింజియాంగులోని ఉయ్‌ఘరులు దీనిని ‘జీరె’ అందురు. హిందీ ‘జీరా’కు అది చుట్టమే. వారు గొఱ్ఱెమాంసపు ముక్కలను ఇనుప చువ్వలకు గ్రుచ్చి, నిప్పులపై కాల్చుచు, ఉప్పు, కారము, జీలకర్ర పొడి పైన చల్లుదురు. మొరాకోలో నిప్పుతో పనియే లేదు. ఉప్పు, జీలకర్ర పొడి చిన్న గిన్నెలలో భోజనపు బల్లపైననే యుండును. కాల్చిన మాంసమును, ఉడికించిన గ్రుడ్లను వానిలో అద్దుకొని తిందురు.

ఉత్తర హిందూస్థానమున గింజలను ముందు వేయించి, ఆపై పొడిచేసి, పెరుగు వడలపైనను, రాయితాపైనను చల్లుదురు. వేపుడుచే క్రొత్త సువాసన పుట్టును. చల్లని పెరుగు దానిని పోనీయదు. మనమో, మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి చారులో వేసి, ఒక్క పొంగు రాగానే దింపి మూతపెట్టుదుము. ఆ మూతలోనే మన పెద్దల తెలివి యున్నది.

ఇన్ని దేశములవారు ఇంత జాగ్రత్తపడగా, నెలల తరబడి డబ్బాలో నిలువయుంచిన పొడితో మనము వండుట న్యాయమా? చారు రుచింపనిచో ఇంటివారు వండిన చేతిని నిందింతురు, తప్పు డబ్బాది. చిటికెడు పొడిని అరచేతిలో నలిపి వాసన చూడవలెను. వాసనను వెదకవలసి వచ్చినచో, మరొక చెంచా వేసిన లాభము లేదు. పొట్టు హెచ్చును, పరిమళము రాదు. గింజలనే కొని, సన్నని సెగపై దోరగా వేయించి, పూర్తిగా చల్లారిన పిదప దంచి, వారమునకు సరిపడునంత మాత్రము గాజుసీసాలో, పొయ్యికి దూరముగా నుంచవలెను. మాడినచో చేదెక్కును, దానికి మందు లేదు. వారమున కొకసారి ఐదు నిమిషముల శ్రమ. ఏడు దినముల కమ్మదనము.