ఆత్రేయపురం పూతరేకులు: లైసెన్సుకు లొంగని పేరు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురంలో పూతరేకుకు ప్రధాన పనిముట్టు బోర్లించిన మట్టికుండ. లోపల మంట, పైన పలుచని బియ్యపుపిండి ద్రవంలో తడిపిన గుడ్డతో ఒక పూత. మరుక్షణమే రేకు లేస్తుంది. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. దరఖాస్తుదారు సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ఉన్న స్థానిక తయారీదారుల సంక్షేమ సంఘం. గుర్తింపు వచ్చింది కనుక ఆ పేరును ఇతర పట్టణాల మిఠాయి వ్యాపారులకు లైసెన్సుకిచ్చి రాయల్టీ పొందవచ్చునని భావించడం సహజం. చట్టం అందుకు అంగీకరించదు.

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉంది. దాని 24వ సెక్షను ప్రకారం ఈ హక్కును బదిలీ చేయరాదు, లైసెన్సుకు ఇవ్వరాదు, తాకట్టు పెట్టరాదు. అధీకృత వినియోగదారు మరణిస్తే మాత్రం హక్కు వారసులకు సంక్రమిస్తుంది. కారణం స్పష్టమే: ఈ పేరు ఏ ఒక్కరి సృష్టీ కాదు, ఆ నేలకూ ఆ చేతిపనికీ చెందినది. ఊరి పేరును అమ్ముకొనే అధికారం సంఘానికి సైతం లేదు.

అయితే వ్యాపారి చేతిలో లైసెన్సుకు పనికివచ్చేది ఏమీ లేదా? ఉన్నది, అతని సొంత ట్రేడ్‌మార్కు. ఒక తయారీదారు తన దుకాణం పేరును, చిహ్నాన్ని 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదు చేసుకొని, లిఖితపూర్వక ఒప్పందంతో మరొకరి వాడుకకు ఇవ్వవచ్చు. ఆ ఒప్పందంలో నాణ్యతపై నియంత్రణను, గడువును, ప్రాంతపరిధిని, రద్దు షరతులను విడమరచి రాసుకోవాలి. నియంత్రణ లేని లైసెన్సు చిహ్నం విలువనే కరిగిస్తుంది. తయారీ విధానంపై పేటెంటు ఆశ పెట్టుకోనవసరం లేదు. సంప్రదాయ జ్ఞానాన్ని పేటెంటు చట్టం 3వ సెక్షను నవకల్పనగా అంగీకరించదు.

ఒక ఉదాహరణ. హైదరాబాదు వ్యాపారి ఒకరు ఆత్రేయపురం తయారీదారు నుండి చిహ్నాన్ని లైసెన్సుకు తీసుకొని, రేకులను హైదరాబాదులోనే చేయించి, డబ్బాపై 'ఆత్రేయపురం' అని ముద్రించాడనుకుందాం. చిహ్నం వాడుక సక్రమమే. ఊరి పేరు వాడుక మాత్రం సరుకు పుట్టిన చోటు విషయంలో కొనుగోలుదారును తప్పుదారి పట్టిస్తుంది, 22వ సెక్షను కింద ఉల్లంఘన అవుతుంది. అదే వ్యాపారి ఆత్రేయపురంలో న్యాయంగా కొన్న సరుకును తెచ్చి, దాని స్థితి చెడకుండా అమ్మితే అభ్యంతరం లేదు. మొదటి మార్గంలో ఊరికి మిగిలేది రాయల్టీ మాత్రమే, అదీ చిహ్నం యజమానికే. రెండవ మార్గంలో పని ఊరిలోనే ఉంటుంది. ఈ వ్యత్యాసాన్ని మన చర్చలు తరచు విస్మరిస్తున్నాయి.

అసలు చిక్కు మరొకచోట ఉంది. సంఘం నమోదు పొందినంత మాత్రాన ప్రతి తయారీదారుకూ చట్టబద్ధమైన వినియోగ హక్కు దక్కదు. 17వ సెక్షను కింద విడిగా దరఖాస్తు చేసి, రిజిస్టరు రెండవ భాగంలో అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. 'ఉత్పత్తిదారు' అన్న పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనంలో తయారుచేసేవారితో పాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవారూ వస్తారు. రేకు తీసే పనిలో అధికభాగం ఇళ్లలో స్త్రీలదే. డబ్బాపై ఉండేది మాత్రం దుకాణం పేరు. నిర్వచనం ఇద్దరికీ తలుపు తెరిచినా, పత్రాలు, రుసుము, దరఖాస్తు సరళి తెలిసిన దుకాణదారు ముందుగా లోపలికి వెళతాడు. కుండ ముందు కూర్చున్న స్త్రీ పేరు ఆ రెండవ భాగంలోకి ఎక్కేలా చూడడం సంఘం తక్షణం చేపట్టవలసిన పని. లైసెన్సు ఒప్పందాల ముసాయిదా ఆ తరువాతిది.