టీవీలో గెలిచిన పికాచు గేమ్‌లో ఎందుకు ఓడిపోతుంది?

ప్రశ్న: పోకెమాన్ కార్టూన్‌లో పికాచు కరెంటు కొట్టి, రాతి పాములాంటి ఓనిక్స్‌ను లొంగదీసింది. గేమ్‌లో అదే పికాచు కరెంటు కొడితే ఓనిక్స్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎందుకు?

గేమ్ పాడవలేదు, కార్టూన్ తప్పూ చెప్పలేదు. నువ్వు చూసిన తేడా నిజంగానే ఉంది. అది ఎక్కడ మొదలైందో చూద్దాం.

ముందు పుట్టింది గేమే. సతోషి తజిరి, ఆయన సంస్థ గేమ్ ఫ్రీక్ కలిసి తయారుచేసిన ఆ గేమ్ 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైంది. దాన్ని ఆడింది గేమ్ బాయ్ మీద, అంటే అరచేతిలో పట్టే చిన్న యంత్రం మీద. దాని తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగంటే నాలుగు ఛాయలు. అంత చిన్న తెర మీద రెండు జీవులు నిజంగా కలబడే దృశ్యం చూపించడం కష్టం. అందుకే రెండు బొమ్మలను ఎదురెదురుగా నిలబెట్టి, పోరాటాన్ని లెక్కల్లోకి మార్చారు.

ఆ లెక్క ఎలా సాగుతుంది? నువ్వొక దెబ్బ ఎంచుకుంటావు, అవతలివాళ్లూ ఒకటి ఎంచుకుంటారు. మామూలుగా ఎవరి వేగం ఎక్కువైతే వాళ్ల దెబ్బ ముందు పడుతుంది. కొట్టేదాని బలం, కాచుకునేదాని గట్టిదనం, దెబ్బ శక్తి కలిపి యంత్రం ఒక అంకె తీస్తుంది. ఆ తర్వాత అసలు మెట్టు వస్తుంది. ప్రతి పోకెమాన్‌కూ టైప్ (జాతి గుణం) ఉంటుంది. దాన్నిబట్టి ఆ అంకెను రెట్టింపు చేస్తారు, సగం చేస్తారు, లేదా సున్నాతో గుణిస్తారు. ఓనిక్స్‌కు రెండు టైపులున్నాయి: రాయి, నేల. నీటి దెబ్బ రాయి మీద రెట్టింపు, నేల మీద మళ్లీ రెట్టింపు, మొత్తం నాలుగు రెట్లు. కరెంటుకు నేల మీద సున్నా. పికాచును నువ్వు నూరో లెవెల్ దాకా పెంచినా సరే, సున్నాతో గుణిస్తే వచ్చేది సున్నాయే.

ఇప్పుడు కార్టూన్ సంగతి. అది 1997 ఏప్రిల్‌లో మొదలైంది. నువ్వు చెప్పిన పోరు ఐదో ఎపిసోడ్‌లోది. జాగ్రత్తగా చూస్తే అక్కడ కూడా కరెంటు ఒక్కటే పని చేయలేదు. పికాచు మెరుపులకు మంట రేగింది, మంటకు పైకప్పు మీది నీటి గొట్టాలు తెరుచుకున్నాయి, ఆ నీళ్లకు ఓనిక్స్ నీరసించింది. అంటే కథ రాసినవాళ్లు నియమాన్ని పూర్తిగా వదిలేయలేదు, చుట్టూ ఉన్న గదిని వాడుకుని ఒక దారి తీశారు. గేమ్‌లో ఆ గదీ లేదు, పైకప్పూ లేదు. పాపం, పికాచును పెంచే యాష్ కూడా దాన్ని తన గెలుపుగా లెక్కపెట్టుకోలేదు. ఓనిక్స్ యజమాని బ్రాక్ తర్వాత తనంతట తానే, గెలిచినవాళ్లకిచ్చే బ్యాడ్జ్ ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట అడగాలి. నిర్ణయం ఎవరిది? గేమ్‌లో నీది. ఏ దెబ్బ వేయాలో నువ్వే ఎంచుకోవాలంటే, అది ఏం చేస్తుందో నీకు ముందే తెలియాలి. చదరంగంలో రాజు ఉన్నట్టుండి గుర్రంలా దూకితే నువ్వు వేసిన ఎత్తులన్నీ వృథా అవుతాయి కదా! కార్టూన్‌లో నిర్ణయం నీది కాదు, నువ్వు చూస్తావంతే. గెలుపు ముందే తెలిసిపోతే ఎవరు చూస్తారు? అందుకే అక్కడ ఊహించనిది జరగాలి.

ఈ ఒక్క కారణం నుంచే మిగతా తేడాలు కూడా వచ్చాయి. కార్టూన్‌లో 'తప్పుకో' అని అరిస్తే పికాచు పక్కకు దూకుతుంది. గేమ్‌లో ఆ మీట ఉంటే ఇద్దరూ అదే నొక్కుతూ కూర్చుంటారు, ఏ దెబ్బా తగలదు. అందుకని తప్పించుకోవడాన్ని అదృష్టానికి వదిలేశారు. థండర్ అనే పెద్ద పిడుగు నూటికి డెబ్బైసార్లే తగులుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన తేడా అలసట. కార్టూన్‌లో దెబ్బతిన్న పోకెమాన్ రొప్పుతుంది, తూలుతుంది, మళ్లీ లేస్తుంది. మన గుండె కొట్టుకునేది అప్పుడే. గేమ్‌లో ప్రాణం పట్టీలో ఒక్క పాయింటు మిగిలినా మామూలుగా అంతే బలంతో కొడుతుంది. విడ్డూరంగా ఉంది కదూ? కానీ ఆలోచించు. దెబ్బ తగిలిన కొద్దీ బలం తగ్గితే, మొదట కొట్టినవాడే ఎక్కువగా గెలుస్తాడు. ఇలా అయితే ఓడిపోతున్నవాడికీ తేరుకునే దారి ఉంటుంది.

తర్వాత గేమ్ కూడా కార్టూన్ నుంచి నేర్చుకుంది. 1998లో వచ్చిన ఎల్లో గేమ్‌లో, కార్టూన్‌లో లాగే మొదట పికాచునే ఇచ్చారు. మరి ఓనిక్స్ దగ్గర పిల్లలు ఇరుక్కుపోరా? నియమాన్ని మాత్రం మార్చలేదు. రాతిని బద్దలుకొట్టగల మాంకీ అనే కోతిని దారికి దగ్గర్లోని గడ్డిలో పెట్టారు. 2013 నాటి ఎక్స్, వై గేముల్లో పోకెమాన్‌ను నిమిరి, తినిపించి మచ్చిక చేసుకుంటే, అది నీ మీది ప్రేమతో అప్పుడప్పుడు దెబ్బ తప్పించుకుంటుంది, ఒక్క పాయింటుతో నిలదొక్కుకుంటుంది. అచ్చం కార్టూనే! అయితే ఇద్దరు మనుషులు పోటీపడే ఆటలో ఆ సాయం పనిచేయదు. అలా ఉంచడమే న్యాయం.

2025 అక్టోబరులో వచ్చిన లెజెండ్స్ జడ్-ఎ గేమ్‌లో వంతుల పద్ధతి తీసేశారు. అక్కడ పోకెమాన్‌లు కదులుతూ కొట్టుకుంటాయి, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నేల టైప్ మీద కరెంటు మాత్రం అందులోనూ పనిచేయదు.