డిగ్రీలో రాళ్ల చదువు

మీరున్న రాష్ట్రాన్నిబట్టి పి.యు.సి. అనండి, ప్లస్ టూ అనండి, సైన్సుతో పూర్తిచేసిన పిల్లలున్న ఇంట్లో ఒకటే చర్చ. ఇంజనీరింగా, మెడిసినా? రెండూ కాకపోతే బి.ఎస్సీ. అందులోనూ భూగర్భశాస్త్రం, అంటే జియాలజీ తీసుకుంటానని పిల్లవాడు అన్నాడా, పెద్దలకు దిగులు పట్టుకుంటుంది. "రాళ్లు చదివి ఏం చేస్తావురా?" అంటారు. జవాబు చెప్పేముందు మిమ్మల్ని ఒక బోరుబావి దగ్గరికి తీసుకువెళతాను.

పావగడ, బాగేపల్లి, చింతామణి వైపు రైతులకు ఇది తెలిసిన కథే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన పొలమంతా తిరిగి చోటు చూపిస్తాడు. అప్పు తెచ్చి బోరు వేస్తారు. దుమ్ము లేస్తుంది, నీళ్లు రావు. ఇంకోచోట మరో బోరు. ఈసారి ఇల్లాలి మెడలోని గొలుసు తాకట్టుకు పోతుంది.

అక్కడ నేలకింద ఉన్నది గ్రానైటు, నైస్ జాతి గట్టి రాయి. నీటిని పట్టి ఉంచే గుణం ఆ రాతికి స్వతహాగా లేదనే చెప్పాలి. నీరు నిలిచేది రెండు తావుల్లో. పైన రాయి చివికి మొరంగా మారిన పొరలో ఒకటి, దాని కింద బండలోని పగుళ్లలో రెండోది. పొలంలో వరుసగా పైకి తేలిన నల్లటి గుండ్లు చూసే ఉంటారు. చాలాచోట్ల అది డోలరైటు రాయి. కరిగిన రాతిద్రవం పాత బండల పగుళ్లలోకి ఎక్కి గోడలా గట్టిపడింది. దాన్ని డైక్ అంటారు. కొన్నిచోట్ల అది భూమిలో కట్టిన ఆనకట్టలా నీటిని ఒక పక్కనే ఆపేస్తుంది. ఒక పొలంలో నీళ్లుండి గట్టు అవతల పొలంలో లేకపోవడానికి ఇదీ ఒక కారణమే. నేలలోకి విద్యుత్తు పంపి, ఎంత లోతున దానికి ఎంత నిరోధం ఎదురవుతోందో కొలిచే పద్ధతి కూడా ఉంది. శాస్త్రం తెలిసినవాడు చూపిన బోరు కూడా ఎండిపోవచ్చు, కాదనను. అయితే రెండో బోరు ఎక్కడ వేయకూడదో అతడు కారణంతో సహా చెప్పగలడు.

ఈ చూపు కాలేజీలో ఎలా వస్తుంది? మొదట ఖనిజాలు. చాకుతో గీస్తే గీత పడుతుందా, పగిలిన ముఖం ఎలా మెరుస్తుంది, పలుచని ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుందా అని చూస్తారు. మనం పలుగురాయి అనేదే పుస్తకంలో క్వార్ట్జ్. దాని మీద చాకు గీత పడదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. కన్నడంలోనో ఒరియాలోనో చదువుకుని వచ్చిన మన పిల్లలు మొదటి ఏడాది బెదురుతారు. రాయి చేతికి వచ్చాక ఆ బెదురు సగం పోతుంది. తరువాత రాతిని మిల్లీమీటరులో మూడువందోవంతు కాదు, వందింట మూడు వంతుల మందానికి అరగదీసి సూక్ష్మదర్శినిలో చూపిస్తారు. అంత పలుచన చేస్తే నల్లరాయిలోనుంచి కూడా వెలుతురు దూరి రంగులు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు కాసేపు పక్కవాళ్లకు చోటివ్వరు.

అసలు చదువు మాత్రం కొండమీదే. సుత్తి, భూతద్దం, దిక్సూచి, పటం పట్టుకుని ఎండలో నడవాలి. పొర ఏ దిక్కుకు వాలింది, ఎన్ని డిగ్రీలు వాలింది అని కొలిచి పటం మీద గుర్తించాలి. ఆడపిల్లలకు ఈ తిరుగుడు కుదరదని కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు. నా అనుభవంలో నోటు పుస్తకం శుభ్రంగా రాసుకొచ్చేది వాళ్లే.

మనవాళ్లు ఉండే ఊళ్లలో కొండలకు కొదవ లేదు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో కెంపెగౌడ గోపురం నిలిచిన బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. మద్రాసు పక్క పల్లావరం రాతికి 1893లో హాలండ్ అనే శాస్త్రవేత్త చార్నకైట్ అని పేరుపెట్టాడు. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి మీద పరిచింది ఆ రాయే మరి! ఒరిస్సాలో కోంధులనే గిరిజనుల పేరిట ఖొండలైట్ వచ్చింది. కోణార్క ఆలయంలో ఎక్కువగా వాడింది అదే. షోలాపూరు వాళ్ల కాళ్లకింద ఉన్నది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటి లావా.

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను. ఒక్క బి.ఎస్సీ.తో మంచి ఉద్యోగాలు తక్కువ. 1851లో మొదలైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టు కావాలన్నా, కేంద్ర భూగర్భజల బోర్డులో శాస్త్రవేత్త కావాలన్నా ఎం.ఎస్సీ. ఉండాలి, యు.పి.ఎస్.సి. పరీక్ష నెగ్గాలి. గనులు, చమురు సంస్థలు కూడా పై చదువునే చూస్తాయి. కాబట్టి మూడేళ్లతో ఆగిపోయే స్తోమతే ఉన్న ఇల్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.కి జామ్ అనే ప్రవేశపరీక్ష ఉంది, అందులో జియాలజీ పేపరు వేరుగా ఉంటుంది.

చేర్చేముందు ఒక్కసారి కాలేజీకి వెళ్లి రండి. సూక్ష్మదర్శినులు ఎన్ని పనిచేస్తున్నాయి, ఏడాదికి ఎన్ని రోజులు పిల్లలను కొండలకు తీసుకువెళతారు అని అడగండి. ఏ కొండకో పేరు చెప్పలేకపోతే మరో కాలేజీ చూసుకోండి.