దగ్గరలోనే వనభోజనం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్ రూపురేఖలే మారిపోయినవి. మా అబ్బాయి ఉద్యోగమూ అక్కడే. ఆదివారమైనను కంప్యూటర్ ముందే. కళ్ళమంట, మెడనొప్పి, నిద్రలేమి. గత కార్తీకమాసంలో అందరినీ కొండాపూర్ సమీపాన గల బొటానికల్ గార్డెన్‌కు బయలుదేరదీశాను.

ఎండ ముదరక ముందే నడక. మధ్యాహ్నం చెట్టునీడన పులిహోర, దద్దోజనం, అల్లం కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ. దద్దోజనంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపిన త్వరగా పులియదు. ప్రయాణంలో వికారమనిపించిన, ఎండు ఉసిరిక ముక్క బుగ్గన ఉంచుకొనవచ్చు.

మా వారు మనుమడికి ఔషధ మొక్కలు చూపుచుండగా, "అమ్మా, ఫోను ఇంట్లోనే మరచి వచ్చాను" అన్నాడు అబ్బాయి. అప్పటికి సాయంత్రమైనది! ఆ రాత్రి పదింటికే నిద్రపోయాడు.

నెలకొక్క రోజైనా ఇట్లు గడపండి. బాధలు తగ్గకున్న వైద్యుని సంప్రదించుట మరువకండి.