తానే నిండు దరఖాస్తు

రంగారెడ్డి జిల్లాలోని రావిర్యాల ప్రక్కగా నేడు హైదరాబాదు బాహ్యవలయ రహదారి పోవుచున్నది. ఎలక్ట్రానిక్సు కర్మాగారములును వెలసినవి. ఐనను అచ్చటి గృహిణికిని, దూరపు పల్లెలోని గృహిణికిని పని యొకటియే: పిల్లల చదువునకు, భూమి కాగితమునకు, రైలు టిక్కెట్టునకు తెరమీద ఫారము నింపుట. మీసేవ 2011 లో వచ్చినది. 2016 నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు దోస్త్ ద్వారా జరుగుచున్నవి.

ఈ గడులను మనకు బదులు నింపు సేవకుని పేరు ఆటోఫిల్. బ్రౌజరు తనంత తాను చేయునది కొంత, దానికి మనము తగిలించుకొను ఎక్స్‌టెన్షనులు చేయునది కొంత. ఎక్స్‌టెన్షను పుటలో ప్రవేశించి, గడులకున్న గుర్తులను జదివి, ఇది పేరు, ఇది పిన్‌కోడు అని యూహించి వ్రాయును. ఊహ యనుమాటను సోదరీమణులు గమనింతురు గాక! మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు వెనుక. పెక్కు ఫారములు వారి పద్ధతినే యెఱుగును. వివాహానంతరము ఇంటిపేరు మారినవారికి చిక్కు రెండింతలు: ఆధారులో నొకటి, పదవ తరగతి పత్రములో నొకటి, బ్రౌజరు దాచుకొన్నది మఱియొకటి.

ఒక్కొక్కప్పుడు గడి నిండినట్లే కనబడును; సబ్మిట్ నొక్కగానే గడి ఖాళీ యని ఎఱ్ఱని యక్షరములు వచ్చును. కారణము చిన్నది. మనము మీట నొక్కినపుడు 'ఇచట మార్పు జరిగిన'దను సూచన పుటకు అందును. ఎక్స్‌టెన్షను అక్షరములనుంచి యా సూచన నంపకున్నచో పుటకు ఏమియు తెలియదు. ఒక యక్షరము చేర్చి తుడిచినచో పెక్కుసార్లు సరిపడును.

పంపుటకును రెండు దారులు కలవు. ఒక దారిని పుట తన పరీక్షలన్నియు జేసి పంపును. రెండవ దారిని పరీక్ష లేకయే ఫారము వెడలిపోవును. మా మట్టుకు మాకు, నింపి యూరకుండు ఎక్స్‌టెన్షనే మేలు. తానే పంపునది వలదు. ఇంటిల్లిపాదికి నొకే కంప్యూటరున్నచోట అక్క జనన తేది చెల్లెలి దరఖాస్తులో జేరి, ఎవరును చూడకమునుపే వెళ్లిపోయినచో, కోల్పోవునది యొక సంవత్సరపు చదువు కావచ్చును.

ఇంతకన్న దారుణము మోసము. 2017 జనవరిలో ఫిన్లాండు దేశీయుడు విల్యమి కువోస్మనెన్ ఒక పుట చేసి చూపెను. అందు కనబడునవి పేరు, ఈమెయిలు మాత్రమే. చిరునామా మొదలగు గడులు మఱుగున నుండెను. బ్రౌజరు అన్నిటిని నింపెను! 2025 ఆగస్టులో మారెక్ తోత్ అను నాతడు, పాస్‌వర్డులు దాచు ఎక్స్‌టెన్షనుల పెట్టెను కంటికి గనబడకుండ జేసి, మన నొక్కుడునే దొంగిలించు విధమును వెల్లడించెను. నడుమ 2023 డిసెంబరులో మన హైదరాబాదు ఐఐఐటీకి చెందిన అంకిత్ గంగ్వాల్, శుభం సింగ్, అభిజీత్ శ్రీవాస్తవ గార్లు లండనులోని బ్లాక్ హాట్ యూరప్ సభలో 'ఆటోస్పిల్' అను లోపమును వివరించిరి. ఆండ్రాయిడు ఫోనులో నొక యాప్ లోపల వేఱొక సంస్థ లాగిన్ పుట తెఱచినపుడు, పాస్‌వర్డు దాచు యాప్ తికమకపడి, రహస్యమును ఆ పుటను దెఱచిన యాప్ గడులకే యందింపవచ్చునట! గచ్చిబౌలిలో జరిగిన యీ పరిశోధన మన యిండ్లలో ఇంకను తగినంత తెలియలేదని మా యభిప్రాయము.

పుట తెఱచుటతోనే నింపు ఏర్పాటును సెట్టింగులలో ఆపివేయవచ్చును. సేవాకేంద్రములో, పరుల కంప్యూటరులో అతిథి కిటికీని తెఱచుకొనవలెను. పాస్‌వర్డు దాచవలెనా యని యడిగినచో వలదనవలెను. అట్లని యీ సేవకుని వెళ్లగొట్టుడని మేము చెప్పము. ఏ పాస్‌వర్డు ఏ చిరునామాకో యతనికి అక్షరము తప్పక తెలియును. ప్రతిదినము నింపువాడు, చూచుటకు బ్యాంకు పుటవలెనే యున్నచోట నొకనాడు నింపక మానినచో, పైనున్న చిరునామాను అక్షర మక్షరము చదివి చూడుడు.